శంకరం నుంచి కృష్ణదేవిపేట దాకా మట్టిదారుల్లో



సైకిలు టైరు వెడల్పు పాతిక మిల్లీమీటర్లయితే అనకాపల్లిలో ఉన్నవాడికి దొరికే దారులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పదహారో నంబరు జాతీయ రహదారి ఒకటి. చోడవరం రోడ్డు, తాళ్ళపాలెం మీదుగా నర్సీపట్నం వెళ్ళే రోడ్డు, ఇంకో రెండు మూడు. అన్నిటి మీదా లారీలే. అదే టైరు నలభై మిల్లీమీటర్లకు పెరిగితే జిల్లా అంతా మనదవుతుంది. కాలవ గట్లు, చెరువు గట్లు, చెరకు బళ్ళు నడిచే డొంకలు, జీడితోటల మధ్య ఎర్రమట్టి బాటలు, కొండ అంచున జీపులు మాత్రమే వెళ్ళే రాళ్ళదారులు. వీటి మీద చలికాలం పొద్దున్నే బయల్దేరితే దారిలో ఎదురయ్యే చరిత్ర ఎలా ఉంటుందో, ఆ చరిత్రకీ మన చక్రాల కింద ఉన్న మట్టికీ సంబంధం ఏమిటో ఇవాళ మీతో చెప్పుకోవాలనుంది.

ఇలాంటి వెడల్పు టైర్ల సైకిలుని ఇప్పుడు గ్రావెల్ బైక్ అంటున్నారు. చూడ్డానికి రేసు సైకిలులాగే కిందికి వంగిన హ్యాండిలు ఉంటుంది. ఎత్తెక్కడానికి తేలిక గేర్లు, తడిలో కూడా పట్టుకునే డిస్క్ బ్రేకులు, లావు టైర్లు దానికి అదనం. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియా ఊళ్ళో 2006లో కొద్దిమందితో మొదలైన మట్టిరోడ్ల పందెం ఇవాళ ప్రపంచంలో సైకిలు తొక్కేవాళ్ళందరికీ తెలుసు. మన దగ్గరా విశాఖపట్నం, హైదరాబాదు కుర్రాళ్ళు ఈ సైకిళ్ళు కొంటున్నారు. ధర మాత్రం తక్కువేమీ కాదు.

కానీ ఒక్క మాట. మన పాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు, ఊరి పోస్టుమ్యాన్లు తొక్కిన పాత నల్ల సైకిలు టైరు మీద ఏం రాసి ఉంటుందో ఎప్పుడైనా చూశారా? ఇరవై ఎనిమిది బై ఒకటిన్నర. అంగుళన్నర అంటే ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. ప్రపంచం ఇప్పుడు కనిపెట్టానంటున్న టైరు వెడల్పు మన ఊళ్ళలో తాతల నాటి నుంచీ తిరుగుతూనే ఉంది. క్యారేజీ మీద రెండు పాల క్యాన్లు కట్టుకుని, పొలం గట్టు మీద ఒంటిచేత్తో హ్యాండిలు పట్టుకుని వెళ్ళే మనిషి నేర్పు ముందు ఏ పందెగాడైనా తల వంచాల్సిందే. అందుకే ఖరీదైన సైకిలు లేదని ఎవరూ ఆగిపోనక్కర్లేదు. గేర్లు లేకపోతే ఎత్తుల దగ్గర దిగి నడిపించుకుంటాం, అంతే తేడా.

మొదటి దారి చాలా చిన్నది. అనకాపల్లి నుంచి శంకరం గ్రామం నాలుగు కిలోమీటర్లుంటుందేమో. పక్కపక్కనే రెండు కొండలు, తూర్పున బొజ్జన్నకొండ, పడమర లింగాలకొండ. క్రీస్తుశకం నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధ భిక్షువులున్నారని పరిశోధకులు చెబుతారు. బొజ్జన్నకొండ మీద రాతిని తొలిచి గుహలు చేశారు. పెద్ద గుహలో పదహారు స్తంభాలు, మధ్యలో అదే రాయి నుంచి చెక్కిన స్తూపం. స్తంభాల్లో కొన్ని విరిగిపోయాయి. గుమ్మం పైన, గోడల మీద బుద్ధుడి బొమ్మలు. మెట్లెక్కి పైకి వెళితే రాతి గుట్టనే మలచి, పైన ఇటుకలు పేర్చి కట్టిన మహాస్తూపం.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది మాత్రం లింగాలకొండ. ఇక్కడికి వచ్చేవాళ్ళు తక్కువ. కొండ వెన్ను పొడుగునా వరసలు వరసలుగా చిన్నవీ పెద్దవీ స్తూపాలు, అన్నీ ఉన్న రాయినే చెక్కినవి. ఎక్కడినుంచో తెచ్చి పెట్టింది ఒక్కటీ లేదు. కొన్ని నడుమెత్తు, కొన్ని మోకాలెత్తు. వానకీ ఎండకీ అరిగి అంచులు పోయినా వరస మాత్రం చెడలేదు. ఒక దానికీ ఇంకో దానికీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు ఉంటుంది. ఆ సందులో వంగి చూస్తే కొన్నిచోట్ల ఉలి దెబ్బ పడ్డ గీతలు ఇంకా తెలుస్తాయి. చెక్కినవాళ్ళ పేరు ఒక్కటీ మనకు మిగల్లేదు.

భిక్షువులకి ఊరు మరీ దగ్గరగా ఉండకూడదు, మరీ దూరంగానూ ఉండకూడదు. పొద్దున్నే భిక్షకు నడిచివెళ్ళి ఎండెక్కక ముందే తిరిగి రాగలగాలి. దానికి తోడు బాటసారులు, వర్తకులు నడిచే దారి పక్కన ఉండాలి. కళింగానికీ వేంగికీ మధ్య తీరం వెంట రాకపోకలు సాగిన నేల ఇది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వించినప్పుడు దొరికిన నాణేలే అందుకు సాక్ష్యం. శాతవాహనుల సీసం నాణెం, సముద్రగుప్తుడిదని చెప్పే బంగారు నాణెం, తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు. ఉత్తరాది గుప్తుల బంగారం శారదా నది ఒడ్డున ఉన్న ఈ కొండ మీదికి చేరిందంటే మధ్యలో ఎన్ని మట్టిదారులు ఉండాలో ఆలోచించండి. ఆ దారులు లేకపోతే ఈ విహారం లేదు.

ఇది రక్షిత కట్టడం. సైకిళ్ళు కింద చెట్టు నీడన పెట్టి పైకి నడిచే వెళ్ళాలి. కనుమ నాడు ఇక్కడ పెద్ద తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వస్తాయి. జనం కావాలనుకుంటే ఆ రోజు రండి, ప్రశాంతంగా చూడాలనుకుంటే ఆ ముందు వారంలో రండి.

కొండ దిగాక శారదా నది గట్టు వైపు తిరిగితే చెరకు తోటలు మొదలవుతాయి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అనకాపల్లిది. చెరకు మీద పరిశోధన చేసే వ్యవసాయ కేంద్రం 1913 నుంచి ఇక్కడ పనిచేస్తోంది. ఈమధ్య చెరకు తగ్గి సరుగుడు, నీలగిరి తోటలు పెరిగాయి. అయినా సంక్రాంతి తర్వాత ఈ డొంకల్లో వెళుతుంటే బెల్లం వండే పాక కంటికి కనపడక ముందే వాసన చెప్పేస్తుంది. ఆగి చూడండి, ఎవరూ కాదనరు. వెడల్పాటి పెనంలో రసం కుతకుతలాడుతుంటుంది. పైకి తేలిన మడ్డిని ఒకాయన పొడుగు కర్రకి కట్టిన జల్లెడతో తీస్తుంటాడు. కింద పొయ్యిలోకి ఇంకొకాయన ఎండిన చెరకు పిప్పిని గుప్పిళ్ళతో నెడుతుంటాడు. నిప్పు ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే దిమ్మ కట్టదు. అందుకే ఇద్దరి మధ్య మాట ఆగదు. పాకం దించే సమయానికి వాళ్ళని పలకరించకూడదు. దించాక మాత్రం తామరాకులోనో మరో ఆకులోనో వేడి బెల్లం పెట్టి తినమంటారు. ముప్పై కిలోమీటర్లు తొక్కిన మనిషికి అంతకన్నా మంచి ఆహారం ఏ ప్యాకెట్లోనూ దొరకదు.

ఈ డొంకల్లో ఒక ఇబ్బంది ఉంది. సర్కారు తుమ్మ ముల్లు. కంచె కోసం కొట్టి పడేసిన కొమ్మలు బండి చక్రాల కింద నలిగి మట్టిలో కలిసిపోయి ఉంటాయి. టైరులో గాలి బిగుతుగా కొట్టిస్తే ముల్లు తొందరగా దిగుతుంది, గులకరాళ్ళ మీద సైకిలు ఎగిరెగిరి పడుతుంది కూడా. గాలి కొంచెం తగ్గిస్తే టైరు నేలని పరుచుకుని నడుస్తుంది. నడుముకీ మంచిదే. పంక్చరు వేసేవాళ్ళు ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉన్నారు. తొట్టెలో ట్యూబు ముంచి, బుడగ వచ్చిన చోట గరుకు కాగితంతో గీకి, సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఊదుతూ మీ ఊరేదని అడుగుతారు. అయితే కొత్త రకం సైకిళ్ళకుండే సన్న వాల్వుకి వాళ్ళ పంపు పట్టదు. వేలెడంత ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో వేసుకుంటే ఆ చిక్కు తీరిపోతుంది.

అనకాపల్లికి దక్షిణాన సముద్రం వైపు వెళితే కొండకర్ల ఆవ. తాటి మానులు తొలిచి జత చేసిన దోనెల మీద ఆ నీటిలో తిరగొచ్చు. ఇంకా ముందుకి రాంబిల్లి మండలంలో కొత్తూరు ధనదిబ్బలున్నాయి. అవీ బౌద్ధ శిథిలాలే. ఎలమంచిలి దాటి ఏటికొప్పాక వెళితే వరాహ నది ఒడ్డున అంకుడు కర్ర మీద లక్క పట్టించే పనివాళ్ళ వీధులు కనిపిస్తాయి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవన్నీ ఒక్కో ఆదివారానికి సరిపోయే దారులు. కానీ నా మనసు ఉత్తరం వైపే, కొండల వైపే లాగుతుంది.

చోడవరం దాటాక నేల మెల్లగా అలలు అలలుగా లేస్తుంది. అక్కడినుంచి నర్సీపట్నం దాకా రెండు దారులు. ఒకటి అందరికీ తెలిసిన బీఎన్ రోడ్డు. భీమిలి నుంచి నర్సీపట్నం వెళ్ళే ఆ రోడ్డు మీది గోతుల గురించి ఈ ప్రాంతం శ్రోతలకు నేను చెప్పాల్సింది లేదు. రెండోది పేరు లేని దారి. అసలు ఒక దారి కూడా కాదు, ఊరి నుంచి ఊరికి, చెరువు నుంచి చెరువుకి దారి అడుగుతూ వెళ్ళే మట్టిబాటల గొలుసు. తూర్పు కనుమల పాదాల దగ్గర కట్టిన జలాశయాలు దానికి కొండగుర్తులు. దేవరాపల్లి దగ్గర శారద మీద రైవాడ, చీడికాడ మండలంలో కోనాం, రావికమతం మండలంలో కల్యాణపులోవ, నర్సీపట్నం అవతల నాతవరం మండలంలో తాండవ. రైవాడ నీళ్ళు కాలవలో నడిచి విశాఖపట్నం కుళాయిల దాకా వెళతాయి. నగరంలో గ్లాసు నీళ్ళు తాగేవాళ్ళు ఒక్కసారైనా ఆ కాలవ పుట్టిన చోటికి వచ్చి చూడాలని నా కోరిక. మధ్యలో మాడుగుల వస్తుంది. గోధుమ పాలతో చేసే అక్కడి హల్వా గురించి మళ్ళీ ఎప్పుడైనా మాట్లాడుకుందాం.

కల్యాణపులోవ చుట్టూ మూడు వైపులా కొండలే. పొద్దున్న మంచు నీటి మీద పరుచుకుని ఉంటే కొండల నీడ కనపడదు, పక్షుల చప్పుడొక్కటే వినపడుతుంది. జీడితోటలు, మామిడి, ఆ పైన ఇప్ప, మద్ది, వెదురు. ఈ అందం చెబుతూనే ఒక బాధ కూడా చెప్పాలి. ఈ పక్క కొండల్లో కొన్నింటిని క్వారీలు సగానికి కోసేశాయి. మనం సంతోషంగా తొక్కుకుంటూ వచ్చిన గ్రావెల్ కూడా ఏదో ఒక కొండని తవ్వి తోలిందే. చెరువులోకి దిగే గెడ్డల్లో క్వారీ మన్ను పేరుకుంటే పొలానికి నీళ్ళు తగ్గుతాయి. కారులో వెళ్ళేవాడికి ఇది కనపడదు. గెడ్డలో దిగి సైకిలు భుజానికెత్తుకుని దాటేవాడి కాళ్ళకు తెలుస్తుంది.

ఇక నర్సీపట్నం. ఇక్కడి నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్ళే ఘాట్ రోడ్డు ఈ రోజుల్లో చాలా ప్రసిద్ధం. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి చలిని చూడ్డానికి డిసెంబరు, జనవరి నెలల్లో కార్లు బారులు కడతాయి. ఆ ఎక్కుడు దారిలో సైకిలు తొక్కడం గొప్ప అనుభవమే. కానీ తొక్కేవాళ్ళు ఆ దారి ఎలా పుట్టిందో తెలుసుకుని తొక్కితే బాగుంటుంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతవరకూ పోడు చేసుకుని, కర్రా పుల్లా తెచ్చుకుని బతికిన కొండ జనానికి తమ అడవిలోనే హద్దులు పడ్డాయి. అడవి సర్కారుదైంది. ఆ అడవిలోకి అధికారులు, పోలీసులు, కలప బళ్ళు వెళ్ళాలంటే రోడ్లు కావాలి. ఆ రోడ్లు వేయడానికి కూలీలు ఆ కొండ జనమే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఈ రోడ్డు పనుల్లో గిరిజనులకు చాలీచాలని కూలి ఇచ్చి, ఎదురు మాట్లాడినవాళ్ళని కొట్టించాడు. పై అధికారులకు చేసుకున్న ఫిర్యాదులు ఫలించలేదు. గాం గంటందొర, గాం మల్లుదొర వంటివాళ్ళ కోపం వెనక భూమి పోయిన బాధతో పాటు ఈ రోడ్డు కూలి కూడా ఉంది. 1917 నుంచి కృష్ణదేవిపేటలో ఉంటూ వాళ్ళ కష్టాలు విన్న యువకుడు అల్లూరి శ్రీరామరాజు, మనం సీతారామరాజు అని పిలుచుకునే మనిషి, వాళ్ళకు నాయకుడయ్యాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులు పట్టుకెళ్ళారు. తీసుకున్న వాటి వివరం స్టేషను డైరీలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు రాజు. స్కూల్లో ఈ తేదీలు మనమంతా బట్టీ పట్టాం. కానీ పటం మీద ఈ మూడు ఊళ్ళనీ కలిపి, మధ్యలో ఉన్న కొండలు చూసి, ఆగస్టు వానల్లో గెడ్డలు పొంగే రోజుల్లో కాలినడకన రోజుకొక ఊరు అని లెక్కేసుకుంటే ఆ పని ఎంతటిదో అర్థమవుతుంది. సగం దూరం సైకిలు మీద వచ్చి, చక్రానికి బురద పట్టి, ఊపిరి ఆడక ఆగినవాడికి మరీ బాగా అర్థమవుతుంది. సర్కారు వేయించిన రోడ్డు సర్కారు సైన్యానికి ఉపయోగపడింది. రాజు మనుషులు ఆ రోడ్డు తప్పించి జంతువుల జాడల వెంట, గెడ్డల వెంట నడిచారు. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ముందు నడుస్తున్న సిపాయిల్ని పోనిచ్చి, వెనక వస్తున్న దొరల మీదే గురిపెట్టారు. ఆ ఇద్దరి సమాధులూ నర్సీపట్నంలో ఉన్నాయి.

1924 మే 7న రాజుని పట్టుకుని కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చి చంపారు. కృష్ణదేవిపేటలో దహనం చేశారు. గంటందొర సమాధి కూడా అక్కడే ఉంది. మల్లుదొర ఏళ్ళ తరబడి జైల్లో ఉండి, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు లంబసింగి, చింతపల్లి, కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాత్రం గొలుగొండ మండలంతో పాటు అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది. నర్సీపట్నం నుంచి ఒక పూటలో తొక్కుకుని వెళ్ళి రావొచ్చు. ఆ ప్రాంగణం దగ్గర కాసేపు కూర్చోండి. అక్కడ పిల్లలుంటే వాళ్ళే కథ చెబుతారు.

మట్టిదారులు బాగుంటాయని నేను చెబుతున్నాను కదా, దీనికి ఎదురుగా ఒక నిజం ఉంది. రావికమతం, రోలుగుంట మండలాల కొండల మీద ఉన్న కొన్ని గిరిజన గూడేలకు సరైన దారి లేక గర్భిణుల్నీ జబ్బుపడ్డవాళ్ళనీ డోలీ కట్టి మోసుకు దింపిన రోజులు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఈ గూడేల్లో చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి రావు. ఆ జాబితాలో చేర్చమని వాళ్ళు ఏళ్ళుగా అడుగుతున్నారు. వందేళ్ళ కిందట అడవిలో ఉన్న సంపద బయటికి రావడానికి రోడ్డు పడింది. లోపల ఉన్న మనిషి ఆసుపత్రికి రావడానికి మాత్రం ఇంకా పడాల్సి ఉంది. అందుకే నా పక్షం స్పష్టం. ప్రతి గూడేనికీ అంబులెన్సు వెళ్ళే రోడ్డు వేయాలి, తారో సిమెంటో గట్టిగా వేయాలి. నా చక్రం సరదా కోసం ఏ ఊరూ బురదలో ఉండకూడదు.

ఊరికి పక్కా రోడ్డు వేశాక పాత డొంకని ఆక్రమణలకు వదిలేయడం, కాలవ గట్టుని తవ్వేయడం వేరే సంగతి. అలా వదిలేయకూడదు. ఇటలీలో టస్కనీ కొండల మధ్య తెల్లటి కంకర రోడ్లుండేవి. అవి ఒక్కొక్కటిగా తారు కింద పోతుంటే వాటిని కాపాడుకోవడానికే 1997లో గయోలే అనే చిన్న ఊళ్ళో పాత సైకిళ్ళ మీద ఒక యాత్ర మొదలుపెట్టారు. దాని పేరు లెరోయికా. ఇవాళ వేలమంది వస్తారు. పదేళ్ళకి అదే రోడ్ల మీద పెద్ద ఆటగాళ్ళ పందెం కూడా పుట్టింది. రోడ్లు మిగిలాయి, ఊళ్ళో ద్రాక్షసారా, రొట్టె అమ్ముకునేవాళ్ళకి నాలుగు డబ్బులు వచ్చాయి.

శంకరం నుంచి కృష్ణదేవిపేట దాకా మనకూ అలాంటి దారి ఒకటి గుర్తించి ఉంచుకోవచ్చు. కొత్తగా వేయాల్సింది ఏమీ లేదు, ఉన్న గట్లు, డొంకలు చాలు. మలుపు దగ్గర తెలుగులో ఒక రాతి గుర్తు, ఊరి పేరు, తాగునీళ్ళు దొరికే చోటు రాసి ఉంటే సరి. రాత్రికి ఆగేవాళ్ళకి పల్లెలో ఎవరింట్లోనైనా అన్నం, చాప ఏర్పాటైతే ఆ డబ్బు ఆ ఊళ్ళోనే ఉంటుంది.

బయల్దేరేవాళ్ళకు నాలుగు ముక్కలు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తుపాను వానల తర్వాత వారం ఆగండి, ఎర్రమట్టి చక్రానికి ముద్దలా పట్టి కదలనివ్వదు. రిజర్వు అడవిలోకి వెళ్ళే బాటలకు అటవీశాఖ అనుమతి తీసుకోండి, చీకటి పడే వేళకి అడవి దాటి ఊరు చేరండి. సంత రోజున దారిలో మేకలు, అడ్డాకుల కట్టలు, చింతపండు బుట్టలు మోసుకొచ్చేవాళ్ళు ఎదురవుతారు. గంట కొట్టకుండా దిగి పక్కకి నిలబడండి. లంబసింగి నుంచి దిగేటప్పుడు బ్రేకు ఆపకుండా పట్టి ఉంచితే చక్రం వేడెక్కిపోతుంది, పట్టి వదులుతూ రండి. అనకాపల్లి రైల్వేస్టేషన్‌లో దిగినవాళ్ళు మొదటి రోజు శంకరం, శారద గట్టు చూసి చోడవరంలో ఆగండి. రెండో రోజు జలాశయాల వెంట నర్సీపట్నం. మూడో రోజు కృష్ణదేవిపేట. ఒక్కరోజే ఉందనుకునేవాళ్ళకి బొజ్జన్నకొండ ఎలాగూ అనకాపల్లి పక్కనే ఉంది.